థెస్సలొనీక నగరపు ప్రాచీన దేవాలయములు



బైబిలు క్రొత్త నిబంధనయందు థెస్సలొనీకయులకు పౌలు వ్రాసిన పత్రికలు రెండు కలవు. తెలుగునాట చర్చికి పోవువారెల్లరును ఈ పేరు వినియే యుందురు. ఆ పత్రికల నందుకొన్న నగరము నేటికిని గ్రీసు దేశమున జనసమృద్ధితో వర్ధిల్లుచున్నది. అచటి ప్రాచీన దేవాలయములను దర్శించి నేను గ్రహించిన విషయమును మీకు మనవి చేసెదను.

క్రీ. పూ. 315 ప్రాంతమున మాసిడోనియా పాలకుడగు కస్సాండరు ఈ నగరమును నిర్మించి, దానికి తన భార్య పేరు పెట్టెను. ఆమె అలెగ్జాండరు చక్రవర్తికి సవతి సోదరి. నగరమునకు ముందు సముద్రము, వెనుక కొండ. రేవునొద్ద మొదలైన వీథులు క్రమముగా ఎగబ్రాకి కొండమీది కోటగోడల చెంత ముగియును. నేను దిగువనుండి ఎగువకు నడచుచు ఒక్కొక్క ఆలయమును చూచితిని.

దిగువ నగరమున రోటుండా యను గుండ్రని కట్టడము కలదు. 4వ శతాబ్దారంభమున రోమక చక్రవర్తి గలేరియసు దీనిని కట్టించెను. గోడ మందము 6 మీటర్లకు పైమాట. మన కొలతలో 13 మూరలకు తక్కువ కాదు. కొంతకాలమునకు అది చర్చియయ్యెను. 16వ శతాబ్దాంతమున మసీదయ్యెను. 1912లో నగరము గ్రీకుల వశమైన పిదప మరల క్రైస్తవుల చేతికి వచ్చెను. మసీదునాటి మినారు నేటికిని ప్రక్కనే నిలిచియున్నది.

అటనుండి కొలది దూరమున అఖిరోపియీతోస్ అను 5వ శతాబ్దపు ఆలయము కలదు. 1430లో తురుష్క సుల్తాను రెండవ మురాదు నగరమును జయించి ఈ యాలయమును మసీదుగా మార్చెను. ఆ విజయమును తెలుపు వ్రాత ఒక చలువరాతి స్తంభముపై నేటికిని కానవచ్చును. తరువాతివారు దానిని చెఱపలేదు. జయించినవారి అక్షరములును, ఓడినవారి కమానులపై పొదిగిన రంగుల లతలును ఒకే కప్పు క్రింద నున్నవి.

మఱికొంత ఎగువన దెమెత్రియసు భక్తుని దేవాలయము కలదు. ఈతడు నగరరక్షకుడని అచటివారి విశ్వాసము. 1493లో ఇదియు మసీదయ్యెను. ఆ కాలమున గోడలమీది చిత్రములపై సున్నము పూసిరి. అవి కుంచెతో వ్రాసినవి కావు; రంగుగాజు తునుకలను, రాతి తునుకలను పచ్చిగారలో పొదిగి కూర్చినవి. 1907లో మరమ్మతు సమయమున పూత తొలగింపగా శతాబ్దములనాటి చిత్రపంక్తి బయటపడెను. పదియేండ్లు తిరిగెను. 1917 ఆగస్టులో నగరమును దహించిన మహాగ్నిలో ఆలయపు కప్పు కూలెను. క్రొత్తగా వెలుగు చూచిన ఆ పంక్తి నశించెను. అయినను ఆ పదియేండ్ల నడుమ కొందఱు పండితులు వాని ఛాయాచిత్రములు తీసిరి, రంగులతో నకళ్లు వ్రాసికొనిరి. ఆ చిత్రములెట్లుండెనో మనకు తెలియుటకు ఆ నకళ్లే ఆధారము. ఆలయ పునర్నిర్మాణము 1949 నాటికి ముగిసెను.

కొండపై ఇరుకు సందుల నడుమ హోసియోస్ దావీదు అను చిన్న గుడి కలదు. లోపల గోడమీద గడ్డము లేని యువకుడగు క్రీస్తు ఇంద్రధనుస్సుపై కూర్చుండియున్నాడు. పాదముల క్రింద నాలుగు నదులు ప్రవహించును. దీనిని గుఱించి ఒక పాతకథ కలదు. చక్రవర్తి కుమార్తె యొకతె దీనిని కూర్పించి, శత్రువులవలన కీడు వాటిల్లునని ఎద్దుతోలును, ఇటుకలను అడ్డుపెట్టించెనట! కథ యెట్లున్నను, మసీదు కాలపు సున్నము దీనిని కప్పియుంచిన మాట నిజము. 1921లో పూత తొలగింపగా రంగులు చెక్కుచెదరక కనబడెను.

ఈ నగరపు 15 ప్రాచీన కట్టడములను 1988లో యునెస్కో ప్రపంచ వారసత్వములలో చేర్చెను. కట్టడములకు ఇట్టి గౌరవము కలిగెను. మనుష్యుల గతి వేఱు. 1923 నాటి ఒప్పందమున అచటి ముసల్మానులను తుర్కీకి పంపిరి. అచటి క్రైస్తవులు కాందిశీకులై ఇచటికి వచ్చిరి. 1492లో స్పెయిను వెడలగొట్టిన యూదులకు నాలుగు శతాబ్దములకు పైగా ఈ నగరమే ఇల్లు. 1942లో వారి శ్మశానమును పెల్లగించి సమాధిరాళ్లను ఇండ్లకును, బాటలకును వాడిరి. మఱుసటియేడు జర్మను నాజీలు 40,000 మందికి మించి యూదులను ఆష్విట్జు శిబిరమునకు తరలించిరి. వారిలో తిరిగివచ్చినవారు బహు కొద్దిమంది. ఆ సమాధిరాళ్లమీద తాతముత్తాతల పేర్లుండెను. రాళ్లతోపాటు పెక్కు పేర్లును పోయినవి.

సున్నము క్రింద బ్రతికినవి కొన్ని, బయటపడి కాలినవి కొన్ని. ఆ రెండును ఎవ్వరును తలపెట్టి చేసినవి కావు. నకళ్లు మాత్రము కొందఱు బుద్ధిపూర్వకముగా వ్రాసినవి. పెద్దలారా! మీ యూరి గుడిగోడమీద గాని, మసీదు రాతిమీద గాని, చెఱువుతూము కడ గాని పాత అక్షరములున్నచో, వెల్లవేయించుటకు ముందే చదువనేర్చినవారిచే వానిని వ్రాయించి యుంచుడు.