తరాల చిట్టా - చదివేదెవరు?

వంశం సంగతులు తెలుసుకోవాలనే కోరిక మనకు కొత్త కాదు. మా జగ్గయ్యపేట, నందిగామ మెట్ట గ్రామాలలో పూర్వం ఈ చిట్టా ముగ్గురి వద్ద ఉండేది. గోత్రాలు, ఇంటిపేర్లు పాడి వినిపించే వంశరాజులు ఒకరు. ప్రవర చెప్పే పురోహితులు రెండవవారు. ఏ పొలం ఏ తాత నుంచి ఏ మనుమడికి వచ్చిందో చెప్పగల కరణం మూడవవారు. 1984లో కరణీకాలు రద్దయ్యాయి. వంశరాజుల రాకపోకలూ తగ్గిపోయాయి. ఇప్పుడు నాలుగవ చిట్టా ఒకటి వచ్చింది. అది మన ఒంట్లోనే ఉంది. దానిని చదివి పెట్టేది మాత్రం కంప్యూటరు.

మనిషి కణంలో ఇరవైమూడు జతల క్రోమోజోములు ఉంటాయని, వాటిలో సుమారు 300 కోట్ల అక్షరాల రాత ఉంటుందని శాస్త్రజ్ఞులు చెబుతారు. ఆ రాతను చదివే అంతర్జాతీయ పథకం 1990లో మొదలై 2003లో ముగిసింది. 2007 నుంచి అమెరికాలో ‘ట్వంటీత్రీ అండ్ మీ’ అనే కంపెనీ మామూలు మనుషుల ఉమ్మి నమూనా తీసుకుని పరీక్ష చేయసాగింది. ఇటువంటి పరీక్ష మొత్తం రాతను చదవదు. ఎంపిక చేసిన కొన్ని లక్షల చోట్లను మాత్రమే చూస్తుంది. ఆ ఫలితమంతా ఒక ఫైలుగా ఖాతాదారుకు దొరుకుతుంది.

2013లో అమెరికా ఔషధ నియంత్రణ శాఖ ఆ కంపెనీకి తాఖీదు పంపగా, కొత్త ఖాతాదారులకు ఆరోగ్య రిపోర్టులు ఆగిపోయాయి. కాని ఫైలు చేతిలోనే ఉంది గదా! జాతకచక్రం ఒకటే అయినా నలుగురు సిద్ధాంతుల వద్దకు తీసుకుపోయినట్లు, జనం ఆ ఫైలును ఇతర సాధనాలకు చూపించసాగారు. రోగాల సంగతికి ‘ప్రొమెథీజ్’, బంధువుల సంగతికి 2010లో ఏర్పడిన ‘జెడ్‌మ్యాచ్’ బాగా ప్రసిద్ధి పొందాయి.

వీటిని వాడేవారు ఎవరని విచారిస్తే ముఖ్యంగా మూడు రకాలు కనిపిస్తారు. వంశవృక్షం గీసుకునే సరదా గలవారు, తమ రోగానికి మూలం వెతుక్కునేవారు, దత్తత పోయి కన్నవారిని వెతుక్కునేవారు. అధికులు పాశ్చాత్య దేశాలవారే. మనవారిలోనైతే విదేశాలలో స్థిరపడినవారు, వారి పిల్లలు. దక్షిణాసియా వారి కోసమే 2011లో ‘హరప్పా ఆన్సెస్ట్రీ ప్రాజెక్టు’ అనే ఔత్సాహిక ప్రయత్నం మొదలైంది. పెద్దలకు, ఊరికి దూరమైనవారికి ఈ చిట్టా అవసరం ఎక్కువ. అందులో తప్పు పట్టవలసింది లేదు.

అయితే చదివే సాధనం వేరు, చదివినదాని అర్థం వేరు. జెడ్‌మ్యాచ్‌లో ‘మీ తల్లిదండ్రులు ఒకరికొకరు బంధువులా?’ అని చెప్పే సాధనం ఒకటున్నది. అక్కడివారికి అవునని వస్తే గుండె గుభేలుమంటుంది. మేనరికం చేసుకున్న దంపతుల బిడ్డకు మన దేశంలో అదేమంత వింత? శుభలేఖ చూసినా తెలిసే సంగతే.

రెండవ చిక్కు, ఆ పెద్ద చిట్టాలో మనవారి పద్దులు తక్కువ. ‘వెయ్యి జీనోముల’ పథకం 2015లో ముగిసేసరికి అందులో 26 జనసమూహాలకు చెందిన 2,504 మంది ఉన్నారు. వారిలో తెలుగువారు సుమారు వంద మంది. వారు కూడా బ్రిటన్‌లో నివసించేవారే. మన దేశం 2020లో మొదలుపెట్టిన ‘జీనోమ్ ఇండియా’ పథకంలో పదివేల మంది వివరాలు సేకరించి 2025 జనవరిలో పరిశోధకులకు అందుబాటులో ఉంచారు. ఇది సంతోషించదగిన విషయం.

ఇక అసలు సంగతికి వస్తాను. ఆపరేషన్లలో కండరాలను సడలించడానికి స్కోలిన్ అనే ఇంజక్షను వాడతారు. సాధారణంగా కొద్ది నిమిషాలలో రక్తంలోని ఒక ఎంజైము దానిని విరిచివేస్తుంది. ఆ ఎంజైము లేనివారికి మందు గంటల తరబడి దిగదు. శ్వాస తీసుకునే కండరాలు కదలవు. అది దిగేవరకు యంత్రంతో శ్వాస ఇవ్వాలి. ఆంధ్రప్రదేశ్ వైశ్యులలో ఈ లోపం ఎక్కువగా ఉన్నదని 1979లోనే ‘హ్యూమన్ జెనెటిక్స్’ పత్రికలో ప్రకటించారు. దానికి కారణమైన అక్షరదోషాన్ని 2006లో గుర్తించారు. హైదరాబాదులోని సీసీఎంబీ శాస్త్రజ్ఞులు అమెరికా శాస్త్రజ్ఞులతో కలిసి 2017లో ప్రచురించిన పరిశోధన దీని మూలాన్ని వివరించింది. కొద్దిమంది పూర్వీకుల నుంచి పెరిగి, తరతరాలు తమలో తామే వివాహాలు చేసుకున్న సమూహాలలో ఇటువంటివి నిలిచిపోతాయి. వారు పరిశీలించిన 260కి పైగా సమూహాలలో 81 ఈ విధంగా ఏర్పడినవే. కాబట్టి ఇది ఒక కులానికి మచ్చ కాదు. ఒక్కొక్కరికి ఒక్కొక్కటి ఉండవచ్చును.

వైశ్య కుటుంబాలు వర్తకంతో వర్ధిల్లిన పట్టణం మా పేట. ఇక్కడివారికి ఈ సంగతి ప్రాణంతో సమానం. దీనికి అమెరికా కంపెనీ అక్కరలేదు, కంప్యూటరు అక్కరలేదు. ఆ ఎంజైము ఎంత ఉన్నదో చూసే రక్తపరీక్ష ఉన్నది. ముందుగా తెలిస్తే మత్తు డాక్టరుగారు వేరే మందు వాడతారు. ఇంట్లో ఒకరికి లోపం ఉన్నట్లు తేలితే తోబుట్టువులకు కూడా పరీక్ష చేయించాలి. తల్లిదండ్రులిద్దరి నుంచీ దోషం వచ్చినవారికే ఈ ప్రమాదం గనుక, తోబుట్టువులలో ఒక్కొక్కరికీ అది నాలుగింట ఒక వంతు ఉండవచ్చు.

రికార్డు గదిలో చాలాకాలం పనిచేసిన గుమాస్తాగా రెండు మాటలు చెప్పాలి. అడంగలులో పద్దు కనిపించకపోతే భూమి లేదని కాదు, ఆ పేజీ ఆ సంపుటంలో లేదని అర్థం. కంప్యూటరు రిపోర్టులో రోగం కనిపించకపోయినా అంతే. కనిపించినా అసలుతో సరిచూడకుండా నమ్మరాదు. ముడి ఫైళ్లలో చూపిన దోషాలను 2018లో ఒక అమెరికా ప్రయోగశాల 49 మంది విషయంలో సరిచూడగా, నూటికి 40 తప్పని తేలింది.

రెండవ మాట భద్రత గురించి. 2023లో ఆ కంపెనీ నుంచి సుమారు 69 లక్షల మంది వివరాలు దొంగల పాలయ్యాయి. 2025 మార్చిలో కంపెనీ దివాలా పిటిషను వేసింది. జులైలో వ్యవస్థాపకురాలి లాభాపేక్ష లేని సంస్థే దానిని 30.5 కోట్ల డాలర్లకు కొన్నది. మన సర్వీసు రిజిస్టరు మన ఒక్కరిదే. ఈ చిట్టా అలా కాదు. మనుమడు ఉమ్మి ఇస్తే తాతగారి పద్దు, మేనత్త పద్దు కూడా అందులోకి ఎక్కినట్లే. అందువల్ల ఇంటిల్లిపాదీ మాట్లాడుకుని ఇవ్వడం మర్యాద.

మన సభ్యులలో ఏదో ఒక ఆపరేషను అవసరం పడని ఇల్లు అరుదు. విజయవాడ పోయినా, ఖమ్మం పోయినా, ఇంట్లో పూర్వం ఎవరికైనా మత్తు ఇచ్చాక మెలకువ, శ్వాస ఆలస్యంగా వచ్చాయా అన్నది పెద్దలను అడిగి, మత్తు డాక్టరుగారికి తప్పక చెప్పవలసిందిగా మనవి. ఆ జ్ఞాపకం ఏ కంప్యూటరు ఫైలులోనూ లేదు. మన వయసు వారి వద్దనే ఉన్నది. మనం ఉండగానే అది పిల్లల చేత రాయించి ఉంచుదాం.