మరామతు ఇంజనీర్ల జీతముల తగవు

ఆనకట్టల కథ చెప్పుకొనునప్పుడు మనము రాళ్ళ లెక్క, ఎకరముల లెక్క చెప్పుకొందుము. వానిని కట్టించిన ఉద్యోగుల జీతముల లెక్క అడుగుట అరుదు. ఆ లెక్క విప్పిచూచినచో నాటి ప్రభుత్వపు మనస్సు తేటగ కనిపించును.

1854లో, డల్హౌసీ కాలమున, పబ్లిక్ వర్క్స్ శాఖ ఏర్పడెను. మనవారికి అది మరామతు శాఖ. తొలినాళ్ళలో అందు పెద్ద పదవులు హెచ్చుగ సైనిక ఇంజనీర్లవే. తరువాత సీమనుండి సివిల్ ఇంజనీర్లు వచ్చిరి. కావున తగవు మొదట తెల్లవారి నడుమనే పుట్టెను. సైనికునకు సైన్యపు హోదా, సెలవు, పింఛను వెంట నుండెను. ప్రక్కనే అదే పని చేయు సివిల్ ఇంజనీరునకు అంతటి భాగ్యము లేదు. 1871లో ఈ శాఖ కొరకే ఇంగ్లండులో కూపర్స్ హిల్ కళాశాలను తెరచిరి. ఏటేట క్రొత్తజట్టు దిగుచుండెను గాని పైమెట్లు ఖాళీ కాకుండెను. విజ్ఞప్తులు సీమకు పోవుచునే యుండెను.

ఇంతలో వెండి ధర పడిపోయెను. 1870 ప్రాంతమున సుమారు రెండు షిల్లింగులు పలికిన రూపాయి 1893 నాటికి పదునైదు పెన్నీలకు దిగెను. ఇంటికి సొమ్ము పంపుకొను దొరలకు 1893లో మారకపు నష్టమునకై ప్రత్యేక భత్యము మంజూరయ్యెను. మన ఇంజనీరునకు అది లేదు. అతనికి సొమ్ము పంపవలసిన సీమ లేదు గదా!

అసలు గాయము అంతకు ఒక యేడు ముందే తగిలెను. అప్పటివరకు రూర్కీవంటి కళాశాలలనుండి ఎన్నికైన భారతీయునకు తెల్లవానితో సమానముగనే జీతము ముట్టుచుండెను. 1886లో నియమించిన పబ్లిక్ సర్వీసు కమిషను సూచనల ననుసరించి 1892లో కొలువును రెండుగ చీల్చిరి. సీమలో ఎన్నికైనవారు ఇంపీరియల్. ఇక్కడ ఎన్నికైనవారు ప్రొవిన్షియల్. రెండవవారి జీతము మొదటివారి దానిలో రమారమి మూడింట రెండు వంతులు. పని మాత్రము తగ్గలేదు. అవే కాలువలు, అవే అంచనాలు, గండిపడిన రాత్రి అదే మేలుకొలుపు.

పరదేశవాసమునకు ఖర్చు హెచ్చని ప్రభుత్వము చెప్పెను. అందులో కొంత న్యాయము లేకపోలేదు. కాని భత్యముగ నీయదగినదానిని తరగతి భేదముగ మార్చుటయే తప్పని మన అభిప్రాయము. ఖర్చునకు పరిహారమిచ్చుట వేరు, మనిషిని ఒక మెట్టు దించుట వేరు. 1912లో నియమితమైన ఇస్లింగ్టన్ కమిషను ఎదుట మన ఇంజనీర్లు చెప్పుకొన్న బాధ ఇదియే.

జీతము సమానమైనను పైమెట్టు అందునను నమ్మకము లేదు. గిద్దలూరు ప్రాంతపు మోక్షగుండమును ఇంటిపేరుగ ధరించిన విశ్వేశ్వరయ్యగారు పూనాలో చదివి, విభజనకు ముందే, 1884లో బొంబాయి మరామతు శాఖలో అసిస్టెంటు ఇంజనీరుగ చేరిరి. సూపరింటెండింగ్ ఇంజనీరు వరకు ఎదిగిరి. పెక్కుమంది సీనియర్లను దాటి వచ్చిరన్న కినుక శాఖలో నుండెను. చీఫ్ ఇంజనీరు పదవి తమకు దక్కదని గ్రహించి 1908లో కొలువు విడిచిరి. ఆ సెప్టెంబరులోనే మూసీ పొంగి హైదరాబాదును ముంచెను. నిజాం ప్రభుత్వము వారిని పిలిపించెను. 1909లో వారు వరద నివారణకు పథకము సిద్ధపరచిరి. ఆ నవంబరులో మైసూరు సంస్థానము వారిని చీఫ్ ఇంజనీరుగ నియమించెను.