పాము పిల్లల లింగ నిర్ధారణ

గుడ్డు చీల్చుకుని అప్పుడే బయటికి వచ్చిన పాము పిల్ల ఆడదో మగదో పైచూపుకు తెలియదు. చాలా జాతుల్లో రంగు, పొలుసులు, తల అన్నీ ఒకేలా ఉంటాయి. అయినా పెంపకంలో పుట్టిన పిల్లల విషయంలో ఈ సంగతి తొందరగా తేలాలి. జంతు ప్రదర్శనశాలలు ముందుముందు జతలు కలపాలన్నా, అమెరికా, ఐరోపాల్లో బాల్ పైథాన్, కార్న్ స్నేక్ పిల్లలను పెంచి అమ్మేవాళ్లు కొనుగోలుదారుకు మాట ఇవ్వాలన్నా అదే ఆధారం.

గుట్టంతా తోక మొదట్లో ఉంది. మగపాముకు జననాంగాలు రెండు. హెమిపెనిస్ అనే ఈ జత అవయవాలు, లోపలికి తిరగేసిన చొక్కా చేతుల్లా తోకలో ముడుచుకుని ఉంటాయి. వాటికి చోటివ్వాలి కాబట్టి ఎదిగిన మగపాము తోక పొడుగ్గా, మొదట్లో లావుగా ఉంటుంది. ఆడపాము తోక అవస్కర ద్వారం (విసర్జనకు, సంతానోత్పత్తికి ఉమ్మడి రంధ్రం) దాటగానే సన్నబడుతుంది. పిల్లల్లో ఈ తేడా కంటికి ఆనదు.

అందుకే పిల్లలకు ‘పాపింగ్’ చేస్తారు. పిల్లను వెల్లకిలా పట్టుకుని, అవస్కర ద్వారానికి కొంచెం దిగువన తోక మీద బొటనవేలు ఆనించి, ద్వారం వైపు మెల్లగా దొర్లిస్తారు. మగదైతే ఎర్రటి చిన్న మొనలు రెండు బయటికి పొడుచుకొస్తాయి. ఆడదైతే వాసన గ్రంథుల రంధ్రాలు మాత్రం కనిపించవచ్చు. చిక్కు ఇక్కడే వస్తుంది. మొనలు కనిపిస్తే అది మగదేనని ఖాయం. కనిపించకపోతే మాత్రం ఆడదని అప్పుడే రాసుకోకూడదు, కండరాలు బిగబట్టిన మగపిల్ల కూడా అలాగే మోసం చేస్తుంది. గ్రీన్ ట్రీ పైథాన్ పిల్లల తోకలు మరీ సున్నితం. మొరటుగా నొక్కితే తోక వంకరపోతుంది.

పాము పెరిగి కండ పట్టాక ఈ పద్ధతి పనిచేయదు. అప్పుడు ‘ప్రోబింగ్’ చేస్తారు. మొన మొద్దుగా ఉన్న సన్నని ఉక్కు పుల్లకు జారుడు పదార్థం రాసి, అవస్కర ద్వారంలోంచి తోక కొస వైపుగా లోపలికి పోనిచ్చి, అది ఎన్ని పొలుసుల దూరం వెళ్లిందో లెక్కపెడతారు. బాల్ పైథాన్‌లో ఆడదైతే సాధారణంగా రెండు నుంచి నాలుగు పొలుసుల దగ్గరే ఆగిపోతుంది, మగదైతే అంతకు రెట్టింపు దాటిపోతుంది. చెయ్యి తిరగనివాళ్లు చేస్తే లోపల చిల్లు పడే ప్రమాదం ఉంది.

చాలా తాబేళ్లలో, మొసళ్లలో పొదుగుడు వేడి లింగాన్ని నిర్ణయిస్తుంది. పాముల్లో ఆ పని క్రోమోజోములది. నాగుపాము, కార్న్ స్నేక్ వంటివాటిలో ఆడదానికి జడ్, డబ్ల్యూ, మగదానికి రెండు జడ్‌లు ఉంటాయి. కాబట్టి విడిచిన కుబుసం ముక్కలోని డీఎన్ఏలో డబ్ల్యూ దొరికితే ఆడదని తేలుతుంది, పిల్లను ముట్టుకునే పనే లేదు. కొండచిలువలు, బోవాలు కూడా ఇంతేనని చాలాకాలం అనుకున్నారు. బర్మీస్ పైథాన్‌లో, ఒక బోవాలో మనుషుల్లోలాగే ఎక్స్, వై క్రోమోజోములు ఉన్నాయని 2017లో బయటపడింది. ‘బనానా’ రంగు బాల్ పైథాన్లను పెంచేవాళ్లు అప్పటికే దీనికి సరిపోయే ఒక వింత గమనించారు. ఆ రంగు తండ్రి నుంచి వచ్చిన మగపాముకు పుట్టే బనానా పిల్లలు దాదాపు అన్నీ మగవే, తల్లి నుంచి వచ్చినదానికైతే దాదాపు అన్నీ ఆడవే.

పాముల లింగ క్రోమోజోముల పరిశోధనకు హైదరాబాద్‌తో చుట్టరికం ఉంది. శాస్త్రవేత్త లాల్జీ సింగ్ ఎడిన్‌బరోలో పనిచేస్తూ ఆడ బంగారుపాము నుంచి వేరుచేసిన ‘బీకేఎం’ డీఎన్ఏ, పాముల డబ్ల్యూ క్రోమోజోములో దట్టంగా పేరుకుని ఉంటుంది. ఆయన తర్వాత హైదరాబాద్‌లోని సీసీఎంబీ పరిశోధన సంస్థకు వచ్చి, దాన్నే మనుషుల డీఎన్ఏ వేలిముద్రల పరీక్షకు పనిముట్టుగా మలిచారు. బంగారుపాము ప్రజాతికి ఉన్న ‘బుంగారస్’ అనే శాస్త్రీయ నామం కూడా తెలుగు మాట నుంచి పుట్టిందే. 1796లో ప్రకృతి శాస్త్రవేత్త ప్యాట్రిక్ రస్సెల్ తన పుస్తకంలో తెలుగువాళ్ల నోట విన్న పేరునే రాసుకున్నాడు.

రస్సెల్ విశాఖపట్నం నుంచి వర్ణించిన మరో పాముకు ఈ తతంగం ఏదీ అక్కర్లేదు. పూలకుండీల మట్టిలో వానపాములా మెదిలే ఆ గుడ్డిపాము మగతోడు లేకుండానే గుడ్లు పెడుతుంది, పుట్టేవన్నీ ఆడపిల్లలే.