షేక్‌స్పియర్ ఇల్లు: అస్థిపంజరము ఒకటి, వేషాలు అనేకము

1552 ఏప్రిలులో ఇంగ్లండులోని స్ట్రాట్‌ఫర్డ్ పట్టణమున జాన్ షేక్‌స్పియర్ అనే ఆయనకు ఒక షిల్లింగు జరిమానా పడింది. హెన్లీ వీధిలో అనుమతి లేకుండా పెంటకుప్ప వేయడమే ఆయన నేరము. ఈ చిన్న దాఖలా వల్లనే ఆయన అప్పటికి ఆ వీధిలో ఉంటున్నట్లు మనకు తెలుస్తున్నది. ఆయన కుమారుడే 1564లో జన్మించిన మహాకవి విలియం షేక్‌స్పియర్. ఆ వీధిలోని వారి ఇల్లు నేటికీ ఉన్నది. అయితే, నేడు మనము చూచే ఇల్లు ఆ కవి చూచిన ఇల్లేనా?

మొదట దాని నిర్మాణమును పరిశీలింతము. రాతి పునాదిపై ఓక్ దుంగలతో చట్రము నిలిపారు. ఒక కర్ర కొనను సన్నగా చెక్కి, రెండవదానిలో తొలిచిన రంధ్రమున దూర్చి, అడ్డముగా కొయ్యచీల బిగించారు. చట్రపు గళ్ళలో తడికలు అల్లి, వాటికి మట్టి మెత్తారు. పైకప్పు బరువంతా చట్రమే మోస్తుంది. గోడ కేవలము గాలివానలను ఆపుతుంది. శరీరమునకు ఎముకల గూడు ఎట్టిదో ఇంటికి ఈ చట్రము అట్టిది. కాబట్టి గోడలు తీసినా, కిటికీలు మార్చినా ఇల్లు కూలిపోదు. ఈ సౌలభ్యమే ఆ ఇంటికి అనేక వేషాలు వేయించింది.

చేతితొడుగులు కుట్టి అమ్మే జాన్ 1601లో మరణించాడు. ఇల్లు విలియంకు సంక్రమించింది. ఆయన అందులో పెద్దభాగమును అద్దెకిచ్చాడు. అది సత్రముగా మారింది. తరువాతి కాలమున మరొక భాగములో మాంసపు దుకాణము వెలసింది. పందొమ్మిదవ శతాబ్ది ఆరంభమున సత్రము ముఖభాగమును ఇటుకతో కప్పివేశారు. కప్పు మీది కిటికీగూళ్ళు కూడ అంతరించాయి. 1806 వరకు ఆ ఇల్లు కవి సోదరి సంతతివారి చేతిలోనే ఉన్నది.

1847లో ఇల్లు వేలమునకు వచ్చినది. చందాలు పోగుచేసి, 3,000 పౌన్లకు ప్రజల పక్షమున కొన్నారు. తరువాత దాని రక్షణకు పెద్ద విరాళమిచ్చిన జాన్ షేక్‌స్పియర్ అనే మరొక పెద్దమనిషి హిందూస్థానీ–ఇంగ్లీషు నిఘంటువు రచించిన పండితుడు కావడము మనకు ఆసక్తికరమైన విషయము.

1857లో మరమ్మతులు మొదలైనవి. నిప్పు అంటుకొనే భయముతో ఇరుప్రక్కల ఇండ్లను పడగొట్టారు. పూర్వరూపమునకు ప్రధానమైన ఆధారము 1769లో అచ్చయిన ఒక చిత్రము. దానిని చూచి ఇటుకను తొలగించి, కిటికీగూళ్ళను తిరిగి నిర్మించారు. కాని ఆ చిత్రము కవి మరణించిన 153 ఏండ్లకు అచ్చయినదని మరువరాదు. అంటే నేటి ముఖభాగములో కొంత పదహారవ శతాబ్దిది, కొంత పందొమ్మిదవ శతాబ్దివారు ఆధారములతో చేసిన ఊహ.

పునర్నిర్మాణములో లాభముతో పాటు నష్టము కూడ ఉన్నది. చట్రము బయటపడినది; కాని సత్రముగా, దుకాణముగా ఆ ఇల్లు గడిపిన దశల గురుతులు చాలవరకు చెరిగిపోయాయి. అదే ఇంటి కిటికీ అద్దముమీద యాత్రికులు గీసిన పేర్లను మాత్రము భద్రపరచారు. ఏ గురుతు చరిత్ర, ఏది చెత్త అన్న తీర్పు ఆయా కాలముల వారి అభిరుచిని బట్టి మారుతుంది.

కనుక పాత కట్టడమును చూచునపుడు విద్యార్థి “ఇది ఎన్నేండ్లది?” అని ఒక్క ప్రశ్నతో ఆగరాదు. ఈ దూలము ఎప్పటిది, ఈ గోడ ఎప్పటిది, ఈ కిటికీ ఎవరు పెట్టారు అని ఒక్కొక్క భాగమును వేరువేరుగా అడగవలెను.