పంటి వైద్యము, గుండె కవాటములు: ఒక ముందుజాగ్రత్త చరిత్ర

పన్ను తీయించుకుంటే గుండెకు ప్రమాదమేమిటని అడిగేవారు నేటికీ ఉన్నారు. ఆ ప్రశ్నకు సమాధానం వెదకడానికి వైద్యలోకం నూరేళ్ళకు పైగా శ్రమించింది.

హృదయపు లోపొరకు, కవాటాలకు సూక్ష్మజీవుల వలన కలిగే తాపమును ఎండోకార్డైటిస్ అంటారు. 1885లో విలియం ఆస్లర్ లండనులో చేసిన ఉపన్యాసాలు ఈ వ్యాధి స్వరూపాన్ని వైద్యులకు స్పష్టం చేశాయి. 1909లో థామస్ హోర్డర్ దీనికి నోటిలోని సూక్ష్మజీవులతో గల సంబంధాన్ని ఎత్తిచూపాడు. 1935లో ఓకెల్, ఇలియట్‌లు పన్ను తీసిన వెంటనే రక్తాన్ని పరీక్షించి, సగానికి పైగా రోగులలో స్ట్రెప్టోకాకస్ జీవులను కనుగొన్నారు. ఆరోగ్యవంతులలో అవి కొద్దిసేపటికే నశిస్తాయి. చెడిన కవాటంపై మాత్రం స్థిరపడగలవు. పెనిసిలిన్ రాకపూర్వం ఈ వ్యాధి సోకితే బ్రతికినవారు అరుదు.

1955లో అమెరికన్ హార్ట్ అసోసియేషన్ దంతచికిత్సకు ముందు పెనిసిలిన్ ఇవ్వాలని సూచించింది. మేము విద్యార్థులుగా ఆ నియమాన్ని కంఠస్థం చేశాము. రుమాటిక్ జ్వరంతో కవాటాలు దెబ్బతిన్న ప్రతి రోగికీ నేనూ అలాగే మందుచీటీ వ్రాసేవాడిని.

2007లో ఆ సంస్థే తన సూచనలను బాగా కుదించింది. నిత్యం పళ్ళు తోముకోవడం, నమలడం వలన కూడా సూక్ష్మజీవులు రక్తంలోకి చేరుతూనే ఉంటాయి. ఒక్కనాటి మందు ఎందరిని కాపాడుతుందో నిరూపణ లేదు. ఔషధ అసహనాలు మాత్రం నిజం. నేను వ్రాసిన చీటీలు వృథాయేనా అని ఆనాడు మనసు కలత చెందింది. కాని నాటికి తెలిసినది అంతే. తెలిసిన పిదప మారకపోవడమే తప్పు.

2008లో ఇంగ్లాండులో నైస్ సంస్థ ఈ పద్ధతిని పూర్తిగా విరమించమన్నది. అటుపిమ్మట అక్కడ ఎండోకార్డైటిస్ పెరిగిందని 2015లో ఒక పరిశీలన వెలువడింది. విరమణయే కారణమని రుజువు కాలేదు. అయినా 2016లో ఆ సంస్థ తన మాటను కొంత సడలించింది.

నేడు అమెరికా సూచనల ప్రకారం ఈ రక్షణ ముఖ్యంగా కృత్రిమ కవాటాలు గలవారికి, ఇదివరలో ఎండోకార్డైటిస్ వచ్చినవారికి, కొన్ని జన్మసిద్ధ హృద్రోగాలు గలవారికి. చిగుళ్ళను గాయపరచే చికిత్సకు 30 నుంచి 60 నిమిషాల ముందు, పెద్దలకు సాధారణంగా అమాక్సిసిలిన్ 2 గ్రాములు ఒకే మోతాదు. పెనిసిలిన్ పడనివారికి వేరే మందులున్నాయి.

ఒక్క హెచ్చరిక. రుమాటిక్ జ్వరం తిరగబెట్టకుండా మూడు, నాలుగు వారాలకొకసారి తీసుకొనే పెనిసిలిన్ సూదిమందు వేరు. దానిని సొంతంగా మానరాదు. కవాటపు శస్త్రచికిత్స జరిగినవారు దంతవైద్యుని కుర్చీలో కూర్చొనకముందే ఆ సంగతి చెప్పాలి. అందరూ పళ్ళను, చిగుళ్ళను శుభ్రంగా ఉంచుకోవాలి.