అట్ట అంచు మీది పేరు

ముస్లింలు ఈ దేశానికి ఏమిచ్చారని ఎవరైనా అడిగితే మేము చార్మినార్ చూపిస్తాం, తాజ్‌మహల్ చూపిస్తాం. అజంతా మాత్రం చూపించం. అది బౌద్ధులది, మాకేం సంబంధమని మేమే తప్పుకుంటాం. సంబంధం ఉంది.

అజంతా గుహలు అప్పట్లో నిజాం రాజ్యంలో ఉండేవి. గోడల మీది బొమ్మలు పెచ్చులూడుతుంటే నకళ్లు తీయడం పందొమ్మిదో శతాబ్దంలోనే మొదలైంది. రాబర్ట్ గిల్ ఏళ్ల తరబడి వేసిన నకళ్లు చాలావరకు 1866లో లండన్ క్రిస్టల్ ప్యాలెస్ మంటల్లో కాలిపోయాయి. 1909-11 మధ్య లేడీ హెరింగ్‌హామ్ మళ్లీ ఆ పనికి పూనుకుంది. కలకత్తా నుంచి నందలాల్ బోస్ వంటివారు వచ్చారు. హైదరాబాద్ నుంచి సయ్యద్ అహ్మద్, మహమ్మద్ ఫజలుద్దీన్ వెళ్లారు. బోస్ పేరు దేశమంతా తెలుసు. ఈ ఇద్దరి పేర్లు మా ఇళ్లలో కూడా వినపడవు. 1914లో ఏర్పడిన నిజాం పురావస్తు శాఖకు తొలి అధిపతి గులాం యజ్దానీ. అజంతా చిత్రాల మీద ఆయన తెచ్చిన నాలుగు సంపుటాలు 1930 నుంచి 1955 దాకా వెలువడ్డాయి.

ఇలాంటి నకళ్లకు, దక్కనీ చిత్రాలకు ఒకప్పుడు స్లైడ్లు తీసేవారు. రెండంగుళాల చదరపు అట్ట, మధ్యలో ఫిల్ము ముక్క. అట్ట అంచు మీద ఉర్దూలోనో ఇంగ్లీషులోనో సన్నని రాత: ఏ గుహ, ఎవరి నకలు, ఎవరు ఫొటో తీశారు. ఫిల్ము వెలిసిపోతుంది, బూజు పడుతుంది. స్లైడ్ ప్రొజెక్టర్ల తయారీని కోడక్ 2004లోనే ఆపేసింది. అందుకని వాటిని కంప్యూటర్లోకి ఎక్కించక తప్పదు.

మేమూ ఒక పెట్టెడు స్లైడ్లు స్కానింగుకి ఇచ్చాం. బొమ్మలు శుభ్రంగా వచ్చాయి. వాటి పేర్లు మాత్రం 001, 002, 003. ఫిల్ము తీసుకుని అట్టలు పారేశారు. పద్మపాణి పద్మపాణిలాగే ఉన్నాడు. నకలు వేసిన మనిషి నామోనిషాన్ లేకుండా పోయాడు.

ఆ తప్పు మాది కూడా. ముందు అట్టను రెండువైపులా స్కాన్ చేయించాల్సింది. అట్ట మీదా, ఫైలుకీ ఒకే నంబరు వేయాల్సింది. వివరాలు బొమ్మ ఫైల్లోనే రాసిపెట్టే ఐపీటీసీ పద్ధతి 1990లలోనే వచ్చింది, ఎక్స్ఎంపీ 2001లో వచ్చింది. యూనికోడ్ ఉంది కాబట్టి ఉర్దూ రాతను ఉర్దూలోనే ఉంచి పక్కన తెలుగులో రాయొచ్చు. అట్ట మీద ఉన్నది ఒక గడిలో, మేం ఊహించింది వేరే గడిలో ఉండాలి. రెండూ కలిపితే రేపు ఊహే చరిత్రవుతుంది. బొమ్మ సైజు తగ్గించి పంపేటప్పుడు లోపలి వివరాలు కొన్నిసార్లు చెరిగిపోతాయి. అందుకని అదే వివరం విడిగా ఒక పట్టికలోనూ ఉండాలి.

ఇంత పట్టింపు దేనికంటే, నిజాం పేరు ఎలాగూ మిగులుతుంది. పొగిడేవాళ్లూ తిట్టేవాళ్లూ కలిసి దాన్ని బతికిస్తారు. కుంచె పట్టి గుహల్లో కూర్చున్నవాడి పేరుకి ఆ అట్టముక్కే దిక్కు. మమ్మల్ని విగ్రహాలు పగలగొట్టినవాళ్లుగానే చూపించే కాలంలో, బోధిసత్వుడి కనురెప్పను ఓపిగ్గా తిరిగి గీసిన సయ్యద్ అహ్మద్ కూడా మావాడేనని చెప్పాలి. చెబితే రుజువు అడుగుతారు. ఆ రుజువే మేం చెత్తబుట్టలో వేయించుకున్నాం. మీ ఇంట్లో అలాంటి పెట్టె ఉంటే, ముందు అంచు మీది రాత చదవండి.