భవన నిర్మాణ కార్మిక సంఘాల ఉద్యమం (భారతదేశం)

తాపీ మేస్త్రీలు, సెంట్రింగ్, రాడ్ బెండింగ్ పనివారు, వడ్రంగులు, రంగులు వేసేవారు, తట్ట మోసే కూలీలు సంఘాలు కట్టుకుని సాగించిన ఉద్యమం. ఏళ్ల తరబడి సాగిన ఈ పోరాటం 1996లో రెండు కేంద్ర చట్టాలు సాధించింది. ఒకటి పని పరిస్థితులకు, సంక్షేమ బోర్డులకు సంబంధించినది. రెండోది ఆ బోర్డులకు డబ్బు సమకూర్చే సెస్సు చట్టం.

ఫ్యాక్టరీ కార్మికుడికి ఒక గేటు, హాజరు పట్టీ, తెలిసిన యజమాని ఉంటారు. నిర్మాణ కూలీకి ఇవేవీ లేవు. తెల్లారేసరికి లేబర్ అడ్డా మీద నిలబడాలి, మేస్త్రీ పిలిస్తే వెళ్లాలి. ఇవాళ పని ఇచ్చినవారు రేపు ఇవ్వరు, స్లాబు పడితే ఆ చోట సంబంధమే తెగిపోతుంది. పరంజా మీద నుంచి పడి నడుం విరిగితే పరిహారం ఎవరిని అడగాలి? కాంట్రాక్టరు సబ్ కాంట్రాక్టరును చూపిస్తాడు, అతడు మేస్త్రీని చూపిస్తాడు. గేటు దగ్గర సమ్మె చేసే పద్ధతి ఇక్కడ పనికిరాదని సంఘాలు త్వరగానే గ్రహించాయి. యజమాని ఒక్కడు కానప్పుడు బాధ్యత మొత్తం పరిశ్రమ మీదే పెట్టాలన్నది వాటి వాదన. హమాలీల కోసం మహారాష్ట్ర 1969లో తెచ్చిన మాథాడీ చట్టం అప్పటికే ఒక దారి చూపింది. ప్రభుత్వం, యజమానులు, కార్మికులు ముగ్గురూ కూర్చునే బోర్డు దాని ఆయువుపట్టు.

ఈ చరిత్రలో పాలమూరుది (మహబూబ్‌నగర్) ప్రత్యేక స్థానం. మహబూబ్‌నగర్ జిల్లా నుంచి గుంపు మేస్త్రీల చేతి కింద బయల్దేరిన కుటుంబాలు దేశమంతటా ఆనకట్టలు కట్టాయి, కాలువలు తవ్వాయి. ముందే ఇచ్చిన అడ్వాన్సు తీరేదాకా ఇంటికి తిరిగొచ్చే వీలుండేది కాదు. ఇలాంటి వలస కూలీల కోసం 1979లో అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం వచ్చినా, అమలు అంతంత మాత్రమే.

1982 ఢిల్లీ ఆసియా క్రీడల నిర్మాణాల్లో ఆ సంగతి బయటపడింది. అక్కడ కనీస కూలి రోజుకు రూ. 9.25. అందులో రూపాయి కూలీలను సమకూర్చే జమాదార్లు కమీషన్‌గా కోసుకోగా కూలీల చేతికి రూ. 8.25 వచ్చేది. ప్రజాస్వామిక హక్కుల సంఘం (పీయూడీఆర్) రాసిన లేఖనే సుప్రీంకోర్టు పిటిషన్‌గా తీసుకుంది. కనీస వేతనం కంటే తక్కువకు పని చేయించుకోవడం రాజ్యాంగం 23వ అధికరణం నిషేధించిన బలవంతపు చాకిరీ కిందికే వస్తుందని జస్టిస్ పి.ఎన్. భగవతి తీర్పు చెప్పారు. ఆ ఒక్క రూపాయి మీద వచ్చినంత పెద్ద తీర్పు భారత కార్మిక న్యాయ చరిత్రలో అరుదు.

నిర్మాణ కార్మికులకు కేంద్ర చట్టం కోసం 1985లో జాతీయ ప్రచార కమిటీ ఏర్పడింది. జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్ దానికి పెద్దదిక్కుగా నిలిచారు. పదేళ్లు దాటాక, ఆర్డినెన్సుల దశ గడిచి, 1996 ఆగస్టులో చట్టాలు వచ్చాయి. నిర్మాణ వ్యయంలో ఒకటి నుంచి రెండు శాతం వరకు సెస్సు వసూలు చేయవచ్చు. అమల్లోకి వచ్చింది ఒక శాతమే. 18 నుంచి 60 ఏళ్లలోపు ఉండి, గడిచిన 12 నెలల్లో 90 రోజులు పని చేసినవారు బోర్డులో పేరు నమోదు చేసుకోవచ్చు. ప్రసవ సాయం, ప్రమాద పరిహారం, పింఛను వంటివి ఆ నిధి నుంచే రావాలి.

చిక్కల్లా ఆ 90 రోజుల దగ్గరే. రోజుకొక చోట పని చేసేవారికి ధ్రువపత్రం ఎవరిస్తారు? యూనియన్ ఆఫీసుల్లో సాయంత్రాలు దరఖాస్తులు నింపడంతోనే గడిచిపోతాయి. కార్డు చేతికి రాని కూలీకి చట్టం ఉన్నా లేనట్టే కాబట్టి, ఆ పని చిన్నదేమీ కాదు.

బోర్డులే పెట్టని రాష్ట్రాల మీద జాతీయ ప్రచార కమిటీ 2006లో సుప్రీంకోర్టుకు వెళ్లింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో నియమాలు 1999లో వచ్చినా బోర్డు 2007లో గానీ ఏర్పడలేదు. 2018 మార్చి 19న జస్టిస్ మదన్ బి. లోకూర్ రాసిన తీర్పు చదివితే కడుపు మండుతుంది. దేశమంతటా వసూలైన సెస్సు రూ. 37,400 కోట్లు, ఖర్చయింది సుమారు రూ. 9,500 కోట్లు. మిగతా సొమ్ము కార్మికుడిదే, కానీ అతడికి చేరలేదు. 2020 లాక్‌డౌన్‌లో ఈ నిధి నుంచే కార్మికుల ఖాతాల్లో డబ్బు వేయాలని కేంద్రం రాష్ట్రాలకు చెప్పింది. పేరు నమోదు కాని వలస కూలీలకు ఆ సాయం అందే దారే లేకపోయింది. అంతకుముందు 2019లో ఇసుక కొరతతో ఆంధ్రప్రదేశ్‌లో పనులు ఆగిపోయి అడ్డాలు ఖాళీ అయినప్పుడు, భృతి కోసం భవన నిర్మాణ సంఘాలు రోడ్డెక్కాయి.

కలప పనివారి సంగతి మరింత తిరకాసు. కట్టే ఇంట్లో ద్వారబంధం బిగించే వడ్రంగి 1996 నాటి నిర్మాణ కార్మికుల చట్టం కింద కార్మికుడే అయ్యేవాడు. అదే బంధానికి కోత మిల్లులో దుంగ కోసినవాడు, మిల్లు ఫ్యాక్టరీల చట్టం కిందికి వస్తే, దీని పరిధిలోకి వచ్చేవాడు కాదు. వీధి చివర దుకాణంలో మంచాలు, బల్లలు చేసే వడ్రంగి సాధారణంగా ఈ రెంటికీ చెందేవాడు కాదు. వేళ్లు పోగొట్టుకునే ప్రమాదం ముగ్గురికీ ఒకటే.

2020లో పార్లమెంటు ఆమోదించిన కార్మిక కోడ్‌లు 1996 నాటి ఆ రెండు చట్టాలను తమలో కలిపేసుకున్నాయి. సొంత ఇల్లు కట్టుకునేవారికి సెస్సు నుంచి ఉన్న మినహాయింపు పరిమితి రూ. 10 లక్షల నుంచి రూ. 50 లక్షలకు పెరిగింది. చిన్న ఊళ్లలో మేస్త్రీలకు ఎక్కువ పని దొరికేది అలాంటి ఇళ్ల దగ్గరే.